కొట్టేసిన వాక్యం

పాప ఏడుపు మొదలుపెట్టి పది నిమిషాలైంది. వీధి గదిలో ప్రూఫులు దిద్దుకుంటున్న సన్యాసిరావు మొదట పట్టించుకోలేదు. తల్లి పక్కనే ఉంది కదా అనుకున్నాడు. ఏడుపు గుక్కపట్టే దాకా వచ్చేసరికి కలం పక్కన పడేసి లోపలికి పరుగెత్తాడు.

హిమజ ఉయ్యాలకు మూరెడు దూరంలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఒక్కొక్క కాయా అందుకుని, కొసలు విరిచి, ఈనె లాగి గిన్నెలో వేస్తోంది. ఆ చేతుల్లో తొందర లేదు, విసుగూ లేదు. ఉయ్యాల్లో మూడు నెలల పిల్ల ముఖం కందిపోయి, పిడికిళ్ళు బిగించి, ఊపిరి తిప్పుకోలేక ఏడుస్తోంది.

“హిమా! పాప!”

ఆమె తలెత్తి తండ్రిని చూసింది. తర్వాత ఉయ్యాల వైపు చూసింది.

“అవును నాన్నా, ఏడుస్తోంది,” అంది, బయట చినుకులు పడుతున్నాయన్నట్టుగా.

సన్యాసిరావు పిల్లను ఎత్తి భుజాన వేసుకున్నాడు. వీపు నిమురుతుంటే ఎక్కిళ్ళు మెల్లగా తగ్గాయి. “పాలు పట్టి ఎంతసేపైందమ్మా?”

హిమజ గోడ గడియారం చూసింది. “ఇంకా ఇరవై నిమిషాలుంది. రెండున్నర గంటలకోసారి పట్టమన్నారు కదా. నేను ఒక్కసారి కూడా టైము తప్పలేదు నాన్నా.”

“అది కాదు. అంతలా ఏడుస్తుంటే ఎత్తుకోవాలనిపించలేదా నీకు?”

ఆమె చేతిలోని కాయ పక్కన పెట్టి నిజాయితీగా ఆలోచించింది. పరీక్షలో తెలియని ప్రశ్న ఎదురైతే చిన్నప్పుడు అలాగే ఆలోచించేది.

“లేదు. ఏడుస్తోందని తెలుస్తుంది. ఎత్తుకోవాలనీ తెలుసు, అమ్మ చెప్పింది, డాక్టరమ్మ చెప్పింది. కానీ లోపల ఏదీ కదలదు నాన్నా. వీధిలో ఎవరిదో బండి హారను మోగుతున్నట్టుంటుంది.”

పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల. ‘బాలింత మనసు అలాగే ఉంటుంది, కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుంది’ అని భార్య మాలక్ష్మి అంటూ వచ్చింది. డాక్టరమ్మా ఆ మాటే అంది. సన్యాసిరావు కూడా అదే నమ్మాడు. కానీ ఇప్పుడు మనవరాలి తడి చెంప మెడకు తగులుతుండగా, మూడేళ్ళ కిందట తాను చదివిన ఒక వాక్యం ఆయన మనసులోకి వచ్చి నిలబడింది. ఆ వాక్యం ఎక్కడా అచ్చు కాలేదు. కాకుండా చేసినవాళ్ళలో తానూ ఒకడు.

*

హిమజకు పంతొమ్మిదో ఏట కీళ్ళవాతం పట్టుకుంది. పొద్దున్న లేచాక ముడుచుకుపోయిన వేళ్ళు విప్పుకోవడానికే గంట పట్టేది. కుళాయి తిప్పలేదు, జడ వేసుకోలేదు, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా వణికి ఒలికిపోయేది. ఎన్ని మందులు మార్చినా కొన్నాళ్ళ ముచ్చటే. పంటి బిగువున ఓర్చుకుని, ఓర్చుకోలేనప్పుడు దిండులో ముఖం దాచుకునేది. సన్యాసిరావు విశాఖపట్నంలో ముప్పయ్యేళ్ళు నాడీశాస్త్రం బోధించినవాడు. నొప్పి మీద పరిశోధనలు ప్రచురించే త్రైమాసిక పత్రికకు ప్రధాన సంపాదకుడు. లోకంలోని నొప్పి గురించి ఎవరేం కనిపెట్టినా ముందు ఆయన బల్ల మీదకు రావలసిందే. తన ఇంట్లో నొప్పిని మాత్రం ఆయన వేలెడు కూడా కదపలేకపోయాడు.

అలాంటి రోజుల్లో ఇందుశేఖర్ ‘శమని’ అనే మందును కనిపెట్టాడు. ఒకప్పుడు సన్యాసిరావు దగ్గర చదువుకున్నవాడే. సముద్రానికి ఎదురుగా కొండ మీద సొంత పరిశోధనాలయం నడుపుతున్నాడు. నొప్పి రెండు పనులు చేస్తుంది. ఇక్కడ గాయం ఉంది అని కబురు చెబుతుంది. ఆ కబురుతో మనిషిని పీడిస్తుంది. కబురు అందే చోటు మెదడులో ఒకటైతే, పీడ పుట్టే చోటు మరొకటి. శమని ఆ రెండో చోటును మాత్రం జోకొట్టి పడుకోబెడుతుంది. రెండు నెలలకో సూది. మత్తు ఉండదు, మొద్దుబారడం ఉండదు.

హిమజకు మొదటి సూది వేసిన నాలుగో రోజున వంటింట్లో వేడి పెనం అంచు తగిలింది. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కు తీసుకుని, ఎర్రబడిన వేలిని వింతగా చూసుకుంది.

“కాలింది నాన్నా. తెలుస్తోంది. కానీ బాధగా లేదు!” అని పకపకా నవ్వింది. ఆ నవ్వు విని మాలక్ష్మి చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆరేళ్ళకు విన్న నవ్వు అది. ఆ మరుసటి ఏడే హిమజకు దిలీప్‌తో పెళ్ళయింది. కడుపుతో ఉన్నప్పుడు కూడా సూది ఆపలేదు. మందు బిడ్డకు చేరదని పరీక్షల్లో తేలింది. అది నిజమే. బిడ్డకు చేరలేదు.

శమని మీద ఇందుశేఖర్ రాసిన పరిశోధనా పత్రం ఆ మొదటి సూదికి ఎనిమిది నెలల ముందు సన్యాసిరావు బల్ల మీదకు వచ్చింది. అప్పటికే రెండో విడత పరీక్షల జాబితాలో హిమజ పేరు ఉంది. పత్రికకు నైతిక నియమావళి రాసింది సన్యాసిరావే. పదకొండు పేజీలు, తన చేత్తో. అందులో ఐదో నియమం: ఫలితం వల్ల తనకు గానీ, తన కుటుంబానికి గానీ మేలూ కీడూ కలిగే పత్రాన్ని సంపాదకుడు ముట్టుకోరాదు, ఆ సంగతి చెప్పి మరొకరికి అప్పగించాలి. ఆ నియమం తప్పాడని ఒక సహ సంపాదకుణ్ణి ఆయనే పంపించేశాడు కూడా. తన వంతు వచ్చేసరికి, ‘జాబితాలో పేరే కదా, ఇంకా సూది వెయ్యలేదు కదా’ అని సర్దిచెప్పుకున్నాడు.

పత్రం ముగ్గురు సమీక్షకులకు వెళ్ళింది. ఇద్దరు ఆకాశానికెత్తారు. మూడో సమీక్షకుడు ఒక్క ప్రశ్న వేశాడు. పదిహేడో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘మందు ఇచ్చిన తల్లి ఎలుకల్లో కొన్ని, గూటి నుంచి బయటపడిన పిల్లలను తిరిగి తెచ్చుకోకపోవడం గమనించాం.’ కొన్ని అంటే ఎన్ని? పట్టిక ఏది? ఈ సంగతి తేల్చకుండా ప్రచురించవద్దు.

ఇందుశేఖర్ జవాబు వారంలో వచ్చింది. ‘అది మా పరిశోధన ప్రశ్నకు సంబంధించినది కాదు. ఎలుకల బోనులు చూసే పనివారి మాట, పద్ధతి ప్రకారం నమోదు చేసింది కాదు. ఆ వాక్యం తొలగిస్తున్నాం.’ ఈ జవాబును మూడో సమీక్షకుడికి పంపి అతని అభిప్రాయం తీసుకోవాలి. అందుకు రెండు నెలలు పడుతుంది. పక్క గదిలో హిమజ తలుపు గొళ్ళెం తియ్యలేక అమ్మను పిలుస్తోంది. సన్యాసిరావు ఆ జవాబు కింద ‘సమ్మతం’ అని రాసి పత్రాన్ని అచ్చుకు పంపేశాడు.

*

పాత దస్త్రం దొరకడానికి గంట పట్టింది. మూడో సమీక్షకుడి ప్రశ్న, ఇందుశేఖర్ జవాబు, కింద తన రాత. మూడూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని సన్యాసిరావు ఆటో ఎక్కాడు.

ఇందుశేఖర్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకువెళ్ళాడు. “ఏంటి మాస్టారూ, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణిగా. హిమ ఎలా ఉంది? పాప బాగుందా?”

సన్యాసిరావు కాగితం బల్ల మీద పరిచాడు. ఇందుశేఖర్ చదివాడు. లేచి గది తలుపు మూసి వచ్చాడు.

“హిమకా?” అన్నాడు.

“పాప గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఎన్ని ఎలుకలు శేఖరం?”

“నాకు తెలీదు మాస్టారూ. ఒట్టు. బోనులు కడిగే ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుంది. నేను వెళ్ళి చూస్తే రెండు మూడు బోనుల్లో అలాగే కనిపించింది. అందుకే మొదట ఆ వాక్యం రాశాను.”

“మరెందుకు తీసేశావు?”

“పెట్టి ఉంటే పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచి. ఏడాదో, రెండేళ్ళో. కేన్సరు వార్డులో మా నాన్న గోడకు తల బాదుకోవడం మీరూ చూశారు కదా. అలాంటివాళ్ళు వేలమంది ఎదురుచూస్తున్నారు. ఎలుక పిల్లల కోసం వాళ్ళను ఆపమంటారా అనిపించింది.” అతను కాగితాన్ని సన్యాసిరావు వైపు నెమ్మదిగా జరిపాడు. “ఇవాళ నలభై వేలమంది నొప్పి లేకుండా బతుకుతున్నారు మాస్టారూ. అది అబద్ధం కాదు.”

“అందులో పసిపిల్లల తల్లులెంతమంది?”

“లెక్క లేదు. ఎవరూ అడగలేదు.” ఇందుశేఖర్ గొంతు తగ్గించాడు. “నిజం చెప్పనా? మీరు అడుగుతారనుకున్నాను. ఆ జవాబు పంపి, ఇది మాస్టారి దగ్గర చెల్లదులే, తిప్పి పంపిస్తారు, అప్పుడు చూద్దాం అనుకున్నాను. మీరు సమ్మతం అన్నారు. హిమ పేరు జాబితాలో ఉందని నాకు తెలుసు. అందుకేనేమో అనుకుని ఊరుకున్నాను.”

సన్యాసిరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టడానికే వచ్చాడు. కానీ అతను అన్నదాంట్లో అక్షరం కూడా తప్పు లేదు.

“ఆ మనిషి పేరేమిటి? పుస్తకం రాసినావిడ?”

“అప్పలనరసమ్మ. పని మానేసి రెండేళ్ళయింది.”

*

అప్పలనరసమ్మ ఇల్లు ఎండాడ అవతల, కొండ వాలులో ఉంది. గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. యాభై అయిదేళ్ళుంటాయి. లాబొరేటరీ నుంచి వచ్చానంటే ముందు కంగారుపడింది. పుస్తకం మాట ఎత్తేసరికి ముఖం మారిపోయింది.

“ఆ పొస్తకమా బాబూ? ఉంది. ఎవుళూ అడగనేదు, నాకాడే ఉండిపోనాది.”

ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసి తెచ్చింది. అట్ట చిరిగిన గీతల పుస్తకం. ఏడో తరగతి చదువు రాత, లావుపాటి అక్షరాలు. తేదీ ఉంది, బోను నంబరుంది. సన్యాసిరావు మెట్టు మీద కూర్చుని చదవసాగాడు.

‘14 బోను. తల్లి పిల్లల్ని తేనేదు. అయిదు పిల్లలు సల్లగయిపోనాయి. దూది ఎట్టాను.’

‘19 బోను. తల్లికి పాలున్నాయి. పిల్ల దగ్గిరకొస్తే తాగనిచ్చింది. దూరంగా పడితే సూసి ఊరుకుంది.’

‘14 బోను. మూడు పోనాయి.’

ఇరవై రెండు బోనులు, నలభై రోజులు. ఒక్క పూట కూడా తప్పలేదు. ఆయన వేలితో లెక్కపెట్టుకున్నాడు. మందు వేసిన ఇరవై రెండు తల్లుల్లో పదిహేడు పిల్లల్ని తెచ్చుకోలేదు. మందు వెయ్యని తల్లుల బోనులు కూడా రాసిపెట్టింది, పోల్చి చూసుకోవడానికి. అలా రాయాలని ఎవరూ చెప్పింది కాదు. పద్ధతి ప్రకారం నమోదు కాలేదన్న పుస్తకం ఇదేనా అనుకున్నాడు. తన పత్రికకు వచ్చిన పట్టికల్లో ఇంత శుభ్రమైనవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

“ముప్పయ్యేళ్ళు ఎలకల్ని సూసాను బాబూ. తల్లెలక పిల్లని ఒగ్గీదు. సేత్తో తీసి అవతల పెడితే నోట కరుసుకుని ఎనక్కి తెచ్చుకుంటాది. ఇయ్యి అలగ కాదు. కొరకవు, తన్నవు. ఉత్తినే సూస్తాయి. సారుకి సెప్పాను. రాసుకుంటానన్నారు.” ఆమె చేట పక్కన పెట్టింది. “మీరేటి బాబూ, అలగైపోనారు? నీళ్ళు తాగండి.”

ఆయన గ్లాసు అందుకుని, తాగకుండానే పక్కన పెట్టాడు. ఎవరికీ చెప్పని మాట, భార్యకు కూడా చెప్పని మాట, ఆ గుమ్మంలో కూర్చుని ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పేశాడు సన్యాసిరావు. ఈ పుస్తకం అడగవలసినవాణ్ణి నేనే, అడగకుండా మా అమ్మాయికి ఆ మందే వేయించాను, మూడు నెలల పిల్ల ఉంది అన్నాడు.

“అయ్యో నాయినో!” అప్పలనరసమ్మ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. “గుంట బాగుందా?”

“బాగానే ఉంది. మా అమ్మాయి పాలు టైముకు పడుతోంది.”

“పాలుండి కూడా పోనాయి బాబూ అయ్యి. ఆకలికి కాదు, సలికి. ఒంటి ఎచ్చన లేక.” ఆమె ముందుకు వంగి, బిడ్డ అక్కడే ఉన్నట్టు చేతులు చాపి చూపించింది. “ఇంట్లో ఎవుళో ఒకళు గుండెకి అదుంకుని ఉండండి. మంచం మీద ఒగ్గేకండి. నేను దూదెట్టి, అరిసేతిలో ఎట్టుకు కూకున్నయ్యి బతికినాయి. తొమ్మిది బతికినాయి.”

ఆ తొమ్మిది కూడా పుస్తకం చివరి పేజీలో ఉన్నాయి.

*

ఆ సాయంత్రమే సన్యాసిరావు కాగితాన్నీ పుస్తకాన్నీ హిమజ ముందు పెట్టాడు. ఏది ఎప్పుడు జరిగిందో వరసగా చెప్పాడు. మాలక్ష్మి గుమ్మం పట్టుకుని నిలబడి వింటోంది. సగంలోనే ఆమె ఉయ్యాల దగ్గరకు వెళ్ళి నిద్రపోతున్న పిల్లను తీసి రొమ్ముకు హత్తుకుంది. ఆ తర్వాత చాలా రోజులు భర్తతో మాట్లాడలేదు.

హిమజ రెండుసార్లు చదివింది. “అంటే ఇది బాలింత జబ్బు కాదు.”

“కాదమ్మా. నొప్పి పీడించే చోటూ, బిడ్డ ఏడుపు పీడించే చోటూ ఒకటే అయి ఉండాలి.”

“నీకు అప్పుడే తెలుసుకునే అవకాశం ఉంది.”

“ఉంది. అడగవలసినవాణ్ణి నేనే. అడగలేదు. నీ సూది ఆలస్యమవుతుందని.”

ఆమె కాగితాన్ని మడత ప్రకారమే మళ్ళీ మడిచింది. “నాకు నీ మీద కోపం రావాలి కదా నాన్నా?”

“రావాలి.”

“రావట్లేదు. అది కూడా దీనివల్లే అనుకుంటా,” అంది. ఆమె తనను తిట్టి, చేతిలో పుస్తకం విసిరికొట్టి ఉంటే సన్యాసిరావు బతికిపోయేవాడు. ఆమె మాత్రం క్యాలెండరు వైపు చూసింది. “వచ్చే సూదికి తొమ్మిది రోజులుంది. వేయించుకోను.”

“నొప్పి తిరిగి వచ్చేస్తుందమ్మా. ఇదివరకటి కంటే ఎక్కువగా కూడా రావచ్చు. పైగా, ఆపితే ఇది తగ్గుతుందని ఎవరికీ తెలీదు. ఎలుకల్లో కూడా చూసినవాళ్ళు లేరు.”

“తెలుసు. ఇప్పుడు నొప్పి అంటే నాకు భయం లేదు కదా, నిర్ణయం తీసుకోవాలంటే ఇప్పుడే తీసుకోవాలి. తర్వాత నేను ఏడ్చి అడిగినా వేయించవద్దు. దిలీప్‌కు కూడా చెప్పి ఉంచు.”

*

పత్రిక సంపాదకవర్గం కంప్యూటరు తెర మీద సమావేశమైంది. సన్యాసిరావు తాను రాసిన ఉత్తరం చదివాడు. సమీక్షకుడి ప్రశ్న, తన కూతురి పేరు, తాను చెప్పకుండా దాచిన సంగతి, తాను రాసిన ‘సమ్మతం’. ఏదీ వదలలేదు. పత్రాన్ని వెనక్కు తీసుకుంటున్నట్టు ఉపసంహరణ ప్రకటన కూడా రాసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

అది చూపించబోతుంటే షహనాజ్ అడ్డుపడింది. ఆయన తర్వాత పెద్ద సంపాదకురాలు, ముక్కుసూటి మనిషి. “సార్, క్షమించండి. ఆ ప్రకటన మీరు రాయకూడదు. ఈ పత్రం విషయంలో ఇక మీరు కలం పెట్టకూడదు. అప్పుడు త్వరపడటానికి మీకు కారణం ఉంది. ఇప్పుడూ ఉంది.”

“ఐదో నియమం,” అన్నాడు సన్యాసిరావు.

“మీరు రాసిందే సార్.”

ఆయన తలూపి, రాజీనామా చెప్పి, తెర ఆపేశాడు. ఆ తర్వాత అందరిలాగే ఎదురుచూడటమే మిగిలింది. షహనాజ్ ఎవరి మాటకూ తొందరపడలేదు. అప్పలనరసమ్మ పుస్తకం తెప్పించింది. మరో ఊళ్ళోని పరిశోధనాలయం చేత తల్లి ఎలుకలకు మళ్ళీ పరీక్ష పెట్టించింది. ముందు ఒక హెచ్చరిక అచ్చయింది. పసిపిల్లల తల్లులకూ గర్భిణులకూ శమని ఇవ్వడం ఆగింది. ఇందుశేఖర్ ఎదురు తిరగలేదు. తన లెక్కలన్నీ తనే పంపించాడు. కొన్నాళ్ళకు పత్రాన్ని వెనక్కు తీసుకున్నారు. ఆ ప్రకటన కింద, పరిశీలన చేసినవారు బోని అప్పలనరసమ్మ అని ఇంటిపేరుతో సహా అచ్చయింది.

ఫోన్లు మాత్రం సన్యాసిరావుకే వచ్చేవి. అనకాపల్లి నుంచి ఒక పెద్దాయన రోజు విడిచి రోజు చేసేవాడు. భార్యకు ఎముకల కేన్సరు. “మందు పూర్తిగా ఆపేస్తారా బాబూ? ఆవిడ నెల రోజుల నుంచే కాస్త అన్నం తింటోంది.” ఆపరని గట్టిగా చెప్పే అధికారం ఇప్పుడు సన్యాసిరావుకు లేదు. తనకు తెలిసినంత వరకూ చెప్పేవాడు. తెలియనిది తెలియదనేవాడు. ఒక తల్లి గుంటూరు నుంచి ఫోను చేసింది. ఆమె బాబుకు రెండేళ్ళు. “నేను రాక్షసినేమో అనుకున్నానండీ ఇన్నాళ్ళూ,” అంది, మామూలు గొంతుతో. అంతకు మించి ఏమీ అనకుండా పెట్టేసింది.

*

సూది మానేసిన మూడో వారంలో హిమజ వేళ్ళు వాచాయి. నాలుగో వారానికి మణికట్లు ఎర్రబడ్డాయి. ఐదో వారంలో కేకలు మొదలయ్యాయి. సూది వేయించమని ఒక మధ్యాహ్నం ఏడ్చి అడిగింది. సెలవు పెట్టి వచ్చిన దిలీప్ ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని, లేదు హిమా అన్నాడు. మాలక్ష్మి పొద్దస్తమానం మనవరాలిని చీర కొంగుతో ఒంటికి కట్టుకునే తిరిగేది. వంటింట్లో ఉన్నా, పెరట్లో ఉన్నా, పిల్ల గుండె ఆమె గుండెకు ఆని ఉండాల్సిందే.

ఆరో వారం, ఒక ఆదివారం పదకొండు గంటలప్పుడు, పెరట్లో పాప ఏడ్చింది. ఆకలి ఏడుపు కూడా కాదు. ఏదో చీమ కుట్టి ఉంటుంది, చిన్న కేక. సన్యాసిరావు హిమజ మంచం దగ్గర కాపడం పెట్టే సంచిలో వేడినీళ్ళు నింపుతున్నాడు. హిమజ తల చటుక్కున ద్వారం వైపు తిరిగింది.

“ఏమైంది? ఏమైంది దానికి? అమ్మా!”

మాలక్ష్మి పరుగున వచ్చింది. హిమజ రెండు చేతులూ చాపింది. పిల్లను అందుకోబోయిన మణికట్లు ఆ బరువుకు వంగిపోయాయి. ఆమె కేక వేసింది. ఎత్తుకోవాలనిపించిన రోజుకు ఎత్తుకునే చేతులు లేవు. మాలక్ష్మి పిల్లను కూతురి గుండెల మీద పడుకోబెట్టి, జారిపోకుండా తన చేతులు అడ్డం పెట్టింది. హిమజ పాప నెత్తిన ముఖం ఆనించి ఏడవసాగింది. పాపకు ఆ గుండె కొత్త. కాసేపు పెనుగులాడి, అమ్మమ్మ కొంగు కోసం వెతుక్కుని, తర్వాత అలసిపోయి పడుకుంది.

పిల్ల నిద్రపోయాక మాలక్ష్మి దాన్ని తీసుకుని బయటికి వెళ్ళింది. సన్యాసిరావు సంచిని కూతురి చేతుల మీద పెట్టి వెళ్ళబోయాడు.

“నాన్నా, ఉండు.”

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె పైకప్పు కేసి చూస్తూ ఉంది. కణతల మీంచి కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు లేవడం లేదు. ఆయన తుడవబోతే తల పక్కకు తిప్పేసింది.

“అప్పుడేదీ నా మనసుకు పట్టలేదు, గుర్తు లేదు. పాప మొదటిసారి ఎప్పుడు నవ్వింది?”

“నలభై మూడో రోజున.”

“ఎవరిని చూసి?”

“నిన్ను చూసే. పొద్దున్న స్నానం చేయించి అమ్మ నీ ఒళ్ళో పడుకోబెట్టింది. నీ ముఖం కేసి చూసి నవ్వింది.”

“నేనేం చేశాను?”

బయట మాలక్ష్మి జోల పాడుతోంది. ఒక్క మాట. నువ్వు కూడా నవ్వావమ్మా అంటే చాలు. గదిలో కాదనేవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాట సన్యాసిరావు నాలుక చివరి దాకా వచ్చింది. కూతురు తల తిప్పి ఆయన ముఖంలోకే చూస్తోంది.

“చూశావు,” అన్నాడు.

“చూసి?”

“గడియారం చూశావు. పాలకు ఇంకా టైముందని చెప్పి, తువ్వాలు మడత పెట్టావు.”

హిమజ పెదవి కొరుక్కుంది. ఛాతీ ఎగిసి పడుతుంటే నొప్పికి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. ఆయన లేచి నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. కాసేపటికి ఆమె ఊపిరి కూడదీసుకుంది.

“ఇంకా?” అంది.

“వద్దమ్మా ఇవాళ్టికి.”

“చెప్పు నాన్నా. నలభై నాలుగో రోజు నుంచి చెప్పు.”

సన్యాసిరావు కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు. నలభై నాలుగో రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.